ముడి కింద మొలిచినవి

ఏరు పొంగి గానుగ రాళ్ళు మునిగిన ఏడాదికి అది ఎనిమిదో ఏడు. చలి విరిగి, చెట్ల బెరడు కింద రసం కదిలే రోజులు.

అంటుతాతకు అప్పటికి డెబ్భై రెండు. అసలు పేరు ఆయనకే గుర్తు లేదని భార్య అంటుండేది. ఏటి గట్టు దిగువన ఉన్న మొక్కల తోట ఆయనది. అడవి మొక్క తల కోసి, దాని మీద మంచి చెట్టు పుల్ల నిలబెట్టి, గుడ్డపేలికతో బిగించి, రెండూ ఒకటయ్యేదాకా కాపాడటం ఆయన పని. యాభై ఏళ్ళుగా చేసింది అదొక్కటే. మాట మాత్రం మహా పొదుపు. ఇంట్లో ఆయన వాటా మాటలు కూడా ఆవిడే మాట్లాడేసేది. “ఈయన గొంతుకి కూడా ఎవరైనా ఒక అంటు కడితే బాగుండు” అని వచ్చినవాళ్ళ ముందే అనేది. ఆయన ఉలికేవాడు కాదు, పలికేవాడు కాదు.

తోటకు వచ్చి ఎవరైనా “ఆలివ్ కావాలి తాతా” అంటే తలెత్తకుండా రెండే ముక్కలు అడిగేవాడు.

“ఏ ఆలివ్?”

అడగవలసిన మాటే అది. ఆ పేరు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. కిరాణా కొట్లో ఆలివ్ అంటే ఉప్పునీళ్ళ సీసాలో తేలే కాయ. మందుల షాపులో పసిపిల్లల ఒంటికి రాసే నూనె. బట్టల కొట్టులో అది ఒక రంగు, సైనికుల చొక్కాలకు వేసేది. వడ్రంగికి పసుపు మీద నల్లచారల చెక్క. దానితో గరిటె చేసి ఇస్తే మళ్ళీ ఆ ఇంటివాళ్ళు గరిటె కోసం రారని వాడి ఏడుపు. నూనె వర్తకుడు జైతూన్ అంటాడు, ప్రార్థన పుస్తకం ఒలీవ అంటుంది, గోడల మీద బొమ్మలేసేవాళ్ళు పావురం నోట్లో ఒక రెమ్మ పెట్టి ఇది శాంతి అంటారు. ఆసుపత్రిలో చీటీలు రాసే పిల్లకు వాళ్ళమ్మ ఆ పేరే పెట్టుకుంది. ఏటి గట్టు మీద ముళ్ళతో పెరిగి, పిట్టలు తప్ప ఎవరూ ముట్టని చేదు కాయలు రాల్చే అడవి చెట్టు పేరూ అదే.

అంటుతాత లెక్కలో మాత్రం ఆలివ్‌లు రెండే. అంటు కట్టింది, కట్టనిది.

ఆ రోజు మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఏటికి అవతల, రెండు బస్సులు మారి వెళ్ళే కొండవాలు ఊళ్ళో ఆమె అత్తవారిల్లు. అల్లుడు లారీ నడుపుతాడు, నెలకు పది రోజులు ఇంటి పట్టున ఉంటే గొప్ప. ఇంట్లో మిగిలేది ఆమె, ఆమె అత్త. భర్త పోయినప్పటి నుంచీ ఆ అత్తకు ఉన్నదల్లా ఊరి పైన ఒక ముక్క వాలు నేల, దాని మీద నలభై ఆలివ్ చెట్లు. ఆ మొక్కలు అంటుతాత తోటవే.

“ఏమే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు” అంది తల్లి. “అత్తాకోడళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నారా?”

“పట్టుకోవడానికి ఆవిడ తల మీద ఏముందే అమ్మా” అంటూ కూతురు మెట్టు మీద కూలబడింది. నవ్వు మొహాన ఎంతోసేపు నిలవలేదు. “అత్తయ్య వాలు ఇచ్చేస్తోంది నాన్నా. రేపు సాయంత్రం ఇటుకల బట్టీ ఆయన కాగితం పట్టుకొస్తాడు. చెట్లు పీకేసి మట్టి తవ్వుకుంటాడట. నువ్వొకసారి వచ్చి చెప్పు. నీ మాటైతే వింటుంది.”

“మీ నాన్న మాటా?” అంది తల్లి. “వినడానికి ముందు అది బయటికి రావాలి కదే.”

అంటుతాత చేతిలో కత్తి పక్కన పెట్టి కూతురి వైపు చూశాడు. చెప్పమన్నట్టు.

ఆమె చెప్పింది. ఈ ఏడు మొదటిసారి చెట్లన్నీ కాశాయి. అత్తయ్య కాయ కోసి గోనెల్లో కట్టుకుని గానుగకు తీసుకెళ్ళింది. గానుగాయన గుప్పెడు తీసి అరచేతిలో నలిపి, గోనెలు దింపనివ్వలేదు.

“అంతా గింజేనమ్మా, కండ ఏదీ అన్నాడట. వాలు మీద నీళ్ళు నిలవవు, చెట్టు ఆకలితో మాడితే కాయ ఇలాగే ఉంటుందన్నాడట. అందరి ముందూ. ఆ రోజు నుంచీ అత్తయ్య మనిషి మనిషిలా లేదు. రెండు చెట్లు మాత్రం విరగకాశాయి నాన్నా, అవి చూసి మరీ కుంగిపోతోంది. మొక్కలు మంచివే, అన్నయ్యగారి చేతికి వంక పెట్టలేం, రెండు కాశాయి కదా, మిగతావి నా పెంపకం చాలక ఇలా అయ్యాయి అంటుంది. నా చేతిలో ఏదీ నిలవదే, మీ మామయ్యే నిలవలేదు అంటుంది. ఏడేళ్ళు భుజాన నీళ్ళు మోసింది. ఆ భుజం చూస్తే నీకు తెలుస్తుంది.”

సంచిలోంచి గుడ్డలో చుట్టిన రెమ్మ తీసి ఆయన చేతికిచ్చింది. “ఎరువేదైనా చెప్తావేమోనని తెచ్చాను.”

అంటుతాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆకు బొటనవేలి గోరంత ఉంది. రెమ్మ కొసన ముల్లు. కొమ్మను వదలని రెండు ఎండు కాయలు, పూసలంతవి. ఒకటి కొరికాడు. పంటికి తగిలింది గింజే.

ఎరువు మాట చెప్పవలసిన అవసరం లేకపోయింది.

“ఎన్ని?” అన్నాడు.

“ఆ రెండూ తప్ప అన్నీ ఇంతే. ముప్పై ఎనిమిది.”

“ఆ రెండూ ఎవరు కట్టినవి?”

“మన మామయ్య, అమ్మ తమ్ముడు కట్టినవి కదూ. ఎర్ర పేలికలు ఉండేవి, నాకు బాగా గుర్తు.”

తల్లి ఆమెను కాళ్ళు కడుక్కోమని లోపలికి తీసుకుపోయింది. అంటుతాత రెమ్మ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఏడేళ్ళ కిందట వరద తీసిన తరవాత ఈ తోటలో జానెడు మందాన బురద మిగిలింది. పదకొండు రోజులు నీళ్ళలో నానిన మొక్కల తలలు మాడిపోయాయి. అప్పుడు చేయవలసింది ఒకటే. మాడిన తల కోసేసి చిగురు కోసం ఆగడం. చిగురు అంటు కట్టిన ముడి పైనుంచి వస్తే మంచి ఆలివ్. ముడి కిందనుంచి వస్తే అడవిది. ముడులన్నీ బురదలో కూరుకుపోయాయి కనుక ప్రతి మొక్కకూ మట్టి గీకి చూడాలి.

ఆయన గీకాడు. బావమరిది కట్టిన మొక్కలకు గీకాడు. ఆ బావమరిది సాయానికని రెండు నెలలు వచ్చి, ఒక వరసకు అంటు కట్టి పోయిన మనిషి. వాడి చేతికి నిలకడ లేదని అంటుతాత గట్టి నమ్మకం. గీకి చూస్తే నమ్మకం నిజమైంది కూడా. వాడి ముడులు చాలావరకు చచ్చాయి. చచ్చినవి పీకి గట్టు అవతల పారేశాడు, బతికిన రెండూ ఉంచాడు. తను కట్టినవాటికి మాత్రం గీకలేదు. తన ముడి చచ్చిపోతుందన్న ఆలోచన ఆయనకు రానే లేదు. పచ్చగా చిగుళ్ళు లేచాయి. కంటికి నిండుగా కనబడ్డాయి, అంతే.

వరద మిగిల్చినవి మొత్తం నలభై. కూతురి పెళ్ళై అప్పటికి నాలుగు నెలలు. కొత్త వియ్యపురాలు వాలు మీద గుంటలు తవ్వుకుని కూర్చుంది. ఎందరో అడిగినా కాదని నలభైనీ ఆవిడకే పంపాడు. మూడేళ్ళ తరవాత ఒకసారి కింద రోడ్డు మీంచి చూశాడు. దూరానికి పచ్చగా కనబడ్డాయి. మోకాళ్ళు ఎక్కనివ్వవని అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడు. “ముళ్ళున్నాయి నాన్నా” అని కూతురు ఒక పండక్కి వచ్చినప్పుడు అంటే, “చిన్నతనం, పోతాయి” అన్నాడు. చూడకుండా అన్న మాట అది.

భార్య బయటికి వచ్చి ఆయన వాలకం చూసింది. “ఏంటలా అయిపోయారు?”

“ముడి చూడలేదు” అన్నాడు.

నలభై ఏళ్ళు పేలికలు చింపి ఇచ్చిన మనిషి ఆవిడ. ఆ రెండు మాటలతో మొత్తం బోధపడింది. తలుపు వైపు ఒకసారి చూసి, దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

“పిల్లకి చెప్పకండి. ఆవిడకీ చెప్పకండి. ఆవిడ ఆలివ్ అడిగింది, మీరు ఆలివ్ ఇచ్చారు. అడవిదైతే మాత్రం ఆలివ్ కాదా ఏమిటి? పేరు తప్పని ఎవరంటారు?”

ఆయన రెమ్మను మళ్ళీ గుడ్డలో చుట్టాడు.

“పిల్ల ఆ ఇంట్లో బతకాలండీ. ఈ వయసులో మీ చేతికి మచ్చ ఎందుకు? వెళ్ళి, నేల చెడ్డదమ్మా, నీ తప్పేం లేదు అని చెప్పి రండి. ఆవిడ మనసూ కుదుటపడుతుంది.”

ఆ మాటలో దురుద్దేశం లేదు. అందుకే అంటుతాత దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. సీసాలో కాయను చూసి ఎవరూ రంగు అనుకోరు. గుడ్డను చూసి ఎవరూ గానుగకు తీసుకుపోరు. కంటికి కనబడే చోట ఆ పేరు ఎందరు పెట్టుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఇంకా పుల్లముక్కగా ఉన్నప్పుడే చిక్కు. కాయ పడేదాకా అది ఏ ఆలివో చెప్పగలిగింది కట్టినవాడు ఒక్కడే. కొన్నవాళ్ళు మొక్కను చూసి కొనరు. వాడి మొహం చూసి కొనుక్కుపోతారు.

“ఏది కావాలని అడిగాను” అన్నాడు చివరికి. “నూనెది అంది.”

ఆవిడ పైటచెంగు మెలిపెట్టుకుంది.

“అయితే మా తమ్ముడివి రెండూ కాశాయన్నమాట.”

“ఊఁ.”

“ముప్పై ఏళ్ళు ఆడిపోసుకున్నారు వాణ్ణి.”

“ఊఁ.”

ఇంకా ఏదో అనబోయింది. ఆయన మొహం చూసి ఊరుకుని, లోపలికి వెళ్ళి చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. అంటు కత్తి, రంపం, ఉతికిన పేలికల మూట కూడా సంచిలో సర్దింది. అడగకుండానే.

రెండో బస్సులో కూతురికి చెప్పాడు. “తప్పు నాదే.” ఎలాగో కూడా నాలుగు ముక్కల్లో చెప్పాడు.

“నాకు కొన్నాళ్ళు ఇంట్లో వాయింపే” అంది.

“అవును.”

“పర్లేదులే నాన్నా. ఆవిడ నన్ను తిడితే నయం. ఇన్నాళ్ళూ తనని తను తిట్టుకుంటుంటే వినలేక చచ్చాను.”

వాళ్ళు వాలు ఎక్కేసరికి పొద్దు ఇంకా రెండు నిలువులుంది. ఇటుకలాయన ఇనుప చువ్వ పట్టుకుని మట్టి లోతు పొడిచి చూసుకుంటున్నాడు. వియ్యపురాలు రాతి గట్టు మీద కూర్చుని అది చూస్తోంది. పొట్టి మనిషి, ఒక భుజం కాస్త కిందికి ఉంటుంది.

“రండన్నయ్యగారూ” అంది లేవకుండా. “ఏడేళ్ళకి దారి తెలిసిందా? చెట్ల కడసారి చూపుకొచ్చారా?”

అంటుతాత చిన్న పార అడిగాడు. మొదటి చెట్టు దగ్గర మోకాళ్ళ మీదికి దిగడానికే ఆయనకు కొంతసేపు పట్టింది. మొదలు చుట్టూ మట్టి తీసి, చేత్తో తోడి, కత్తి వెన్నుతో గీకాడు. జానెడు లోతున ముడి దొరికింది. ముడి పైన బొటనవేలంత ఎండు మోడు. చెట్టు దానిలోంచి రాలేదు. ముడికి దిగువనుంచి, మోచెయ్యి వంచినట్టు పక్కకు వచ్చి, పైకి లేచి, ఇంత లావైంది.

“చూడండి చెల్లెమ్మా.”

ఆవిడ వచ్చి వంగింది. ఆయన ఆ మోడును వేళ్ళతో నలిపాడు. పొడైపోయింది.

“ఇది నేను పెట్టిన పుల్ల. వరదకి చచ్చింది. ఈ పెరిగింది అడుగున ఉన్న అడవి మొక్క. అప్పుడు మట్టి గీకి చూస్తే తెలిసేది. నేను చూడలేదు. నా ముడి కదా అని చూడలేదు. అన్నీ ఇంతే ఉంటాయి. ఆ రెండూ మా బావమరిదివి, వాటికి చూశాను.”

అన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట కూతురు అంతవరకూ వినలేదు.

వియ్యపురాలు పొడిని తన అరచేతిలోకి తీసుకుంది. “నా నీళ్ళు చాలక కాదా?”

“కాదు.”

“నేల?”

“అడవి చెట్టు ఏడేళ్ళకి ఇంత లావెక్కింది. నేలకి ఏ లోటూ లేదు.”

ఆవిడ ఆ పొడిని నేల మీద దులిపేసింది. కోపం వచ్చింది గాని, నెమ్మదిగా, కింద నుంచి వచ్చింది.

“ఏడేళ్ళండీ. గానుగ దగ్గర నలుగురిలో నిలబడి, నా చేతులు పనికిమాలినవి అనుకుని ఇంటికొచ్చాను. పడుకుంటే అదే, లేస్తే అదే. ఒక్క పూట వచ్చి చూస్తే సరిపోయేది కదా.”

“సరిపోయేది.”

“మోకాళ్ళ నొప్పులని పిల్లతో చెప్పించారు.”

“నొప్పులూ ఉన్నాయి.”

“గర్వమూ ఉందా?”

“అదే ఎక్కువ.”

ఇటుకలాయన చువ్వ భుజాన పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. “ముడి సంగతి నాకెందుకుగానమ్మా, మట్టి మాత్రం బాగుంది. రేపు సాయంత్రం కాగితం తెచ్చేదేనా?”

ఆవిడ అతని వైపు చూడకుండానే అంటుతాతను అడిగింది. “ఇప్పుడు వీటికి దారేమైనా ఉందా?”

“నడుం ఎత్తున కోస్తాను. బెరడు కింద మంచి పుల్లలు పెడతాను. వేళ్ళు ముదిరినవి కనుక మూడో ఏడు కాయ చూస్తారు.”

“ఎవరు కోస్తారు?”

“నేనే.”

“మీకెన్నేళ్ళన్నయ్యగారూ?”

“డెబ్భై రెండు.”

“మూడో ఏడుకి?”

“డెబ్భై అయిదు.”

“కూడికలు బాగానే వచ్చు” అంది ఆవిడ. నవ్వలేదు. ఇటుకలాయన వైపు తిరిగింది. “మీరు రేపు సాయంత్రం రండి. మధ్యాహ్నం దాకా ఈయన పని చూస్తాను. నమ్మకం కుదరకపోతే నేల మీకే.”

ఆ పూట అంటుతాత అక్కడే ఉండిపోయాడు. ఆవిడ పెట్టింది తిన్నాడు. ఆవిడ మాట్లాడలేదు, ఆయన ఎలాగూ మాట్లాడడు. మధ్యన కూతురు ఒక్కతే గిన్నెలు చప్పుడు చేస్తూ తిరిగింది.

మర్నాడు వెలుగు రాగానే ఆయన వాలెక్కాడు. బావమరిది కట్టిన రెండు చెట్ల దగ్గరికి వెళ్ళి, పెన్సిలంత పుల్లలు ఏరి కోసి, ఆకులు తుంచి, తడి గోనెలో చుట్టాడు. తరవాత మొదటి చెట్టుకు రంపం పెట్టాడు. ఒక్క కొమ్మ మాత్రం ఉంచాడు.

“అదెందుకు?” అంది వెనకనుంచి వియ్యపురాలు. ఎప్పుడు వచ్చిందో.

“వేళ్ళకి తిండి. వచ్చే ఏడు తీసేయొచ్చు.”

కోసిన మొద్దు అంచున బెరడును కత్తితో నిలువుగా చీల్చి, ఏటవాలుగా చెక్కిన పుల్లను బెరడుకూ చెక్కకూ మధ్య దింపాడు. ఇటొకటి, అటొకటి. పేలిక చుట్టి ముడి వేశాడు. పైన మట్టి మెత్తబోతూ ఆగాడు.

“వేలు పెట్టి చూడండి.”

“నాకేం తెలుసు?”

“కదులుతోందేమో చూడండి. కదలకూడదు.”

ఆవిడ వేలు పెట్టి చూసింది. కదల్లేదు. అప్పుడు మట్టి పూశాడు.

అక్కణ్ణుంచి ప్రతి చెట్టుకూ అంతే. ఆయన కట్టడం, ఆవిడ చూడటం, ఆ తరవాతే మట్టి. మొదట్లో ఆవిడ మొహమాటంగా చూసింది. నాలుగో చెట్టుకు గోనె తనే పట్టుకుని పుల్లలు అందించింది. ఏడో చెట్టు దగ్గర వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“ఇది ఊగుతోందన్నయ్యగారూ.”

ఆయన తనూ పట్టి చూశాడు. వెంట్రుకవాసి కదలిక. ముడి విప్పి, పుల్ల తీసి పారేసి, కొత్తది చెక్కి కట్టాడు. ఆవిడ మళ్ళీ చూసింది. ఈసారి తల ఊపింది.

పదకొండో చెట్టు అయ్యేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. కూతురు తాగడానికి నీళ్ళు తెచ్చింది. వియ్యపురాలు చెంబు అందుకుని ముందు ఆయనకిచ్చింది.

“బట్టీ ఆయనకి కబురు చెప్పవే” అంది కోడలితో. “రావద్దన్నానని చెప్పు. కారణం అడిగితే, మా అన్నయ్యగారికి ఇంకా ఇరవై ఏడు చెట్ల పని ఉందని చెప్పు.”

అంటుతాత నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. కోయకుండా ఉంచిన కొమ్మ నీడలో కూర్చుని, రంపాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఆకురాయితో ఒక్కొక్క పన్నే సానబెట్టడం మొదలుపెట్టాడు.